పోర్టబుల్ తరగతి గదులు: సౌకర్యం, విద్యుత్ పొదుపుపై తరచుగా అడిగే ప్రశ్నలు

విద్యార్థుల సంఖ్య ఒక్కసారిగా పెరిగినప్పుడో, పాత భవనానికి మరమ్మతులు జరుగుతున్నప్పుడో, విపత్తులో పాఠశాల దెబ్బతిన్నప్పుడో ఫ్యాక్టరీలో తయారై లారీ మీద వచ్చే పోర్టబుల్ తరగతి గది అక్కరకు వస్తుంది. వాటిలోని వేడి, ఉక్కపోత, యంత్రాల రొద, కరెంటు బిల్లుల గురించి పాఠశాల యాజమాన్యాలు, ఉపాధ్యాయులు, డిజైనర్లు అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. అవే మళ్లీ మళ్లీ వస్తున్నందున జవాబులను దశల వారీగా ఇక్కడ కూర్చాము. ఏ జవాబుకు ఆ జవాబు సంపూర్ణంగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## కొనాలని అనుకుంటున్నప్పుడు

రెండు మూడేళ్ల కోసం తెచ్చే గదికి ఇంత శ్రద్ధ అవసరమా?

తాత్కాలికమని తెచ్చిన గదులు అనుకున్న గడువుకు తిరిగి వెళ్లడం అరుదు. బ్రిటన్‌లో 1947లో నిర్బంధ విద్య వయసును 15 ఏళ్లకు పెంచినప్పుడు అదనంగా వచ్చే విద్యార్థుల కోసం ‘హోర్సా’ పేరుతో ముందుగా తయారుచేసిన భాగాలతో షెడ్ల వంటి తరగతి గదులను హడావిడిగా నిలబెట్టారు. వాటిలో అనేకం దశాబ్దాల తరబడి వాడుకలో ఉండిపోయాయి. పైగా, గది పాఠశాలకు తాత్కాలికమే అయినా, అందులో రెండేళ్లు చదివే విద్యార్థికి ఆ రెండేళ్లు మళ్లీ రావు. కాబట్టి కనీసం 20 ఏళ్ల వాడకాన్ని, మధ్యలో రెండు మూడు తరలింపులను దృష్టిలో పెట్టుకొని డిజైన్ చేయించడమే వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

ఈ గదులు మామూలు భవనం కంటే అంత త్వరగా ఎందుకు వేడెక్కుతాయి?

దీనికి మూడు కారణాలున్నాయి. మొదటిది బరువు తక్కువ కావడం: ఇటుక, కాంక్రీటు గోడలు పగటి వేడిని కొన్ని గంటలపాటు తమలో ఇముడ్చుకుంటాయి, పలుచని రేకు గోడలకు ఆ శక్తి లేదు. రెండోది, పక్క గది గానీ పై అంతస్తు గానీ లేనందున నాలుగు గోడలు, పైకప్పు, నేల అడుగుభాగం అన్నీ బయటి వాతావరణానికే తగులుతూ ఉంటాయి. మూడోదాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. అది విద్యార్థుల శరీరాల నుంచి వచ్చే వేడి. ఒక్కొక్కరి నుంచి సుమారు 80 వాట్ల చొప్పున 30 మందికి దాదాపు 2.4 కిలోవాట్లు అవుతుంది. అయితే తేలికపాటి నిర్మాణానికి ఒక మేలు కూడా ఉంది: సాయంత్రం కాగానే అది త్వరగా చల్లబడుతుంది, ఉదయం బడి మొదలయ్యే ముందు దాన్ని చల్లబరచడానికి గానీ వెచ్చబరచడానికి గానీ ఎక్కువ సమయం పట్టదు.

పాత షిప్పింగ్ కంటైనర్‌ను తరగతి గదిగా మార్చుకుంటే సరిపోదా?

ఒంటరి కంటైనర్ తరగతి గదికి సరిపోదు. 40 అడుగుల కంటైనర్ లోపలి వెడల్పు సుమారు 2.35 మీటర్లు మాత్రమే. రెండు పక్కలా ఇన్సులేషన్ (వేడిని, చలిని అడ్డుకునే పొర) వేసేసరికి అది 2.2 మీటర్లకు కుంచించుకుపోతుంది, లోపల సందు వంటి ఆకారం మిగులుతుంది. రెండు మూడు కంటైనర్లను పక్కపక్కన చేర్చి మధ్య గోడలు తీసేయవచ్చు, కానీ ముడతల ఉక్కు గోడలే కంటైనర్‌కు బలాన్నిస్తాయి కనుక వాటిని కోసిన ప్రతిచోటా కొత్త ఉక్కు చట్రం బిగించాలి. కంటైనర్ల ప్లైవుడ్ నేలకు సాధారణంగా పురుగుమందు పట్టించి ఉంటారన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ నేలను తొలగించకుండా పిల్లలను కూర్చోబెట్టడం మంచిది కాదు. ఇవన్నీ చేయించాక ఆదా పెద్దగా మిగలదు. సామాను గదిగా మాత్రం కంటైనర్ బాగా పనికొస్తుంది.

గదిని ఆవరణలో ఎక్కడ, ఏ దిశలో పెట్టించాలి?

పొడవైన గోడలు ఉత్తర, దక్షిణ దిశలను చూసేలా, అంటే గది పొడవు తూర్పు పడమరలుగా ఉండేలా పెట్టించాలి. మధ్యాహ్నపు సూర్యుడు ఎత్తులో ఉంటాడు కాబట్టి కిటికీ మీద కొద్దిపాటి చూరు ఉన్నా ఆ ఎండ ఆగుతుంది. తూర్పు, పడమర దిక్కుల నుంచి వాలుగా వచ్చే ఎండను ఏ చూరూ ఆపలేదు. అందుకే ఆ రెండు వైపులా కిటికీలు లేకపోవడమో, చాలా చిన్నవిగా ఉండటమో మేలు. తారు పోసిన పార్కింగ్ స్థలం మధ్యలో కంటే మట్టి, గడ్డి, చెట్ల నీడ ఉన్నచోట పెట్టాలి. రెండు గదుల మధ్య గాలి ఆడే ఖాళీ వదలాలి. వాననీరు గది కిందికి పారే పల్లంలో, రహదారికి గానీ జనరేటర్‌కు గానీ దగ్గరగా ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టవద్దు. ఫ్యాక్టరీ డిజైన్ అన్ని స్థలాలకూ ఒక్కటే కాబట్టి, తలుపు, కిటికీల అమరికను కుడి ఎడమలుగా తిప్పి తయారు చేయగలరా, విడిగా బిగించే నీడ పలకలు ఇస్తారా అని ఆర్డరుకు ముందే అడగండి.

## గోడలు, పైకప్పు, నేల

డబ్బు పరిమితంగా ఉంది. మొదట ఇన్సులేషన్ మీద పెట్టాలా, మంచి ఏసీ మీద పెట్టాలా?

మొదట పైకప్పు, ఇన్సులేషన్, నీడ, గాలి చొరబడని అతుకులు. ఏసీ ఆ తర్వాతే. ఇది విద్యుత్ ఆదా గురించి మాత్రమే చెబుతున్న మాట కాదు. లోపలికి వచ్చే వేడి తగ్గితే చిన్న యంత్రం సరిపోతుంది, చిన్న యంత్రం తక్కువ చప్పుడు చేస్తుంది, చప్పుడు తక్కువైతే దాన్ని ఎవరూ విసుగొచ్చి ఆపేయరు. మరో సంగతి: పైకప్పు బాగా కాగితే గదిలో గాలి 26 డిగ్రీల వద్ద ఉన్నా నెత్తిమీదికి సెగ కొడుతున్నట్టే ఉంటుంది, ఎందుకంటే మన శరీరానికి గాలి వేడితోపాటు చుట్టూ ఉన్న తలాల వేడి కూడా తెలుస్తుంది. ఎంత పెద్ద ఏసీ అయినా గాలిని చల్లబరుస్తుందే తప్ప ఆ సెగను ఆపలేదు. యంత్రాన్ని పదేళ్ల తర్వాత మార్చుకోవచ్చు. గోడలో దాగిన ఇన్సులేషన్‌ను మార్చడం ఇంచుమించు కొత్త గది కట్టడమే అవుతుంది.

పైకప్పుకు తెల్లరంగు వేస్తే నిజంగా తేడా ఉంటుందా?

ఉంటుంది, ఎండ తీవ్రంగా ఉండే ప్రాంతాల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితమిచ్చే పని మరొకటి లేదు. ముదురు రంగు పైకప్పు తనపై పడిన ఎండలో 5 నుంచి 20 శాతం వరకే తిప్పికొడుతుంది. కొత్తగా వేసిన మంచి తెల్ల పూత 70 నుంచి 80 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తిప్పికొడుతుంది. నల్లటి రేకు 65 డిగ్రీలు దాటే ఎండలో తెల్ల రేకు బయటి గాలి కంటే కొన్ని డిగ్రీలు మాత్రమే ఎక్కువ వేడెక్కుతుంది. రంగు వేయని మెరిసే రేకు కూడా అంతే చల్లగా ఉంటుందనుకోవడం పొరపాటు: అది ఎండను తిప్పికొట్టినా, పీల్చుకున్న కాస్త వేడిని తిరిగి విడుదల చేయడంలో వెనకబడుతుంది. దుమ్ము పేరుకుంటే తెల్ల పూత ప్రభావం తగ్గుతుంది కనుక ఏడాదికోసారి కడిగించాలి. బాగా చలి ప్రదేశాల్లో ఈ పూత వల్ల లాభం తక్కువ. అక్కడ ఇన్సులేషన్ మందం మీదే దృష్టి పెట్టాలి.

ఇన్సులేషన్ మందంగానే వేయించాం, అయినా గోడ మీద అక్కడక్కడా వేడి తెలుస్తోంది. ఎందుకు?

ఇన్సులేషన్‌ను దాటి ఉక్కు చట్రం గుండా వేడి లోపలికి వస్తోంది. ఉక్కు ఉష్ణవాహకత రాక్‌వుల్ (రాతిని కరిగించి తీసిన పోగులతో చేసే ఇన్సులేషన్) ఉష్ణవాహకత కంటే వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. కాబట్టి ఉక్కు స్తంభాల మధ్య ఖాళీల్లో మాత్రమే ఇన్సులేషన్ నింపితే, కాగితం మీద రాసిన విలువలో సగం వరకు నష్టపోవచ్చు. చట్రానికి బయటివైపు ఎక్కడా తెగకుండా మరో ఇన్సులేషన్ పొర చుట్టడం సరైన పరిష్కారం. కలప చట్రమైతే ఈ సమస్య చాలా తక్కువ. చలికాలంలో ఇవే ఉక్కు భాగాల మీద లోపలి తేమ నీటి బొట్లుగా చేరి, తర్వాత బూజుగా మారుతుంది. తయారీదారును అడగవలసింది ‘ఇన్సులేషన్ ఎంత మందం’ అని కాదు, ‘చట్రంతో కలిపి మొత్తం గోడ ఉష్ణ నిరోధం ఎంత’ అని.

ఫోమ్ శాండ్‌విచ్ ప్యానెళ్లు (రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పలకలు) వాడవచ్చా? నిప్పు అంటుకుంటుందని భయంగా ఉంది.

ఆ భయం సహేతుకమే. థర్మోకోల్, పాలియురేథేన్ రెండూ మండే పదార్థాలే; అవి మండినప్పుడు వచ్చే దట్టమైన విషపు పొగ మంటకన్నా ముందు ప్రాణం తీస్తుంది. పిల్లలుండే గదికి రాక్‌వుల్ నింపిన ప్యానెళ్లను ఎంచుకోవడం ఉత్తమం. అవి బరువుగా ఉంటాయి, అదే మందానికి కొంత తక్కువ ఉష్ణ నిరోధం ఇస్తాయి, కానీ మండవు. అదనంగా శబ్దాన్ని కూడా బాగా అడ్డుకుంటాయి. ఫోమ్ తప్పనిసరైతే లోపలివైపు నిప్పును తట్టుకునే జిప్సమ్ బోర్డు ఉండాలి, వైర్లు లోహపు గొట్టాల్లో నడవాలి. ఏ రకం గోడ అయినా, దూరదూరంగా రెండు తలుపులు బయటికి తెరుచుకునేలా ఉండటం విషయంలో బేరం లేదు.

నేల కింద కూడా ఇన్సులేషన్ కావాలా?

కావాలి. గది దిమ్మెల మీద నిలబడి ఉంటుంది కనుక కింద గాలి ఆడుతుంది, చలికాలంలో కాళ్లు కొంకర్లు పోతాయి. దూలాల మధ్య ఇన్సులేషన్ నింపి, ఎలుకలు చేరకుండా అడుగున గట్టి పలక బిగించాలి. కింది మట్టి మీద పాలిథిన్ షీటు పరిస్తే నేల తేమ పైకి రాదు.

ఆవిరిని ఆపే పొరను గోడకు ఎటువైపు వేయాలి?

సాధారణ సూత్రం ఏమిటంటే, ఏడాదిలో ఎక్కువ కాలం ఎటువైపు వెచ్చగా, తేమగా ఉంటుందో అటువైపు వేయాలి. చలి ప్రాంతాల్లో అది లోపలి వైపు. ఏసీ నడిచే వేడి, ఉక్క ప్రాంతాల్లో బయటి వైపు. తప్పు వైపు వేస్తే తేమ గోడలోనే చిక్కుకొని, కంటికి కనిపించకుండా కుళ్లు మొదలవుతుంది. ఒక ప్రాంతం కోసం తయారైన సెకండ్ హ్యాండ్ గదిని పూర్తిగా భిన్నమైన వాతావరణానికి తెచ్చుకునేవారు ముందుగా పరిశీలించవలసిన అంశం ఇదే.

## గాలి, చల్లదనం, యంత్రాలు

ఏసీ నడుస్తూనే ఉంది కదా, మళ్లీ బయటి గాలి ఎందుకు?

సాధారణ స్ప్లిట్ ఏసీ గదిలోని గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయటి గాలిని లోపలికి తేదు. 70 చదరపు మీటర్ల నేల, 2.7 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో తలుపులు, కిటికీలు మూసి 30 మందిని కూర్చోబెడితే, వారు వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల బయట సుమారు 420 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 420 భాగాలు) ఉండే స్థాయి లోపల పావుగంటలోపే 1000 దాటుతుంది, గంట గడిచేసరికి 2500 మించిపోతుంది. ఆ వాయువు అంత మోతాదులో విషం కాదు గాని, గదిలో ఒకరు వదిలిన గాలినే మరొకరు పీలుస్తున్నారనడానికి అది నమ్మదగిన గుర్తు. మధ్యాహ్నం పిల్లలు నిద్రమత్తుగా ఉంటే తప్పు పాఠానిదే కానక్కర్లేదు.

గదికి ఎంత బయటి గాలి కావాలో లెక్క ఎలా వేయాలి?

మనిషికి సెకనుకు 7 లీటర్ల చొప్పున వేసుకుంటే మంచి ఆరంభం. 30 మందికి అది సెకనుకు 210 లీటర్లు, అంటే గంటకు సుమారు 750 ఘనపు మీటర్లు. 190 ఘనపు మీటర్ల గదిలో గంటకు నాలుగుసార్లు గాలి మొత్తం మారినట్టు అవుతుంది. ఫ్యాను పెట్టె మీద రాసిన సంఖ్యను నమ్మవద్దు. గొట్టాలు, ఫిల్టర్లు బిగించాక వచ్చే గాలిని కొలిపించండి.

అంత బయటి గాలి తెస్తే కరెంటు బిల్లు పెరిగిపోదా?

నేరుగా తెస్తే పెరుగుతుంది. అందుకే బయటికి వెళ్లే గాలి, లోపలికి వచ్చే గాలి కలవకుండా పక్కపక్కన నడుస్తూ వేడిని మాత్రం మార్చుకునే శక్తి పునరుద్ధరణ యంత్రాన్ని బిగిస్తారు. మంచి యంత్రాలు వృథా అయ్యే వేడిలో లేదా చల్లదనంలో 60 నుంచి 80 శాతం వరకు వెనక్కి తెస్తాయి. ఉక్క ప్రాంతాలకు వేడితోపాటు తేమను కూడా మార్పిడి చేసే రకం కావాలి. వాతావరణం అనుకూలంగా ఉన్న నెలల్లో ఇవేవీ అక్కర్లేదు, ఎదురెదురు గోడల్లో కిటికీలు తెరిస్తే చాలు. ఒకే వైపు కిటికీలుంటే గాలి గది ఎత్తుకు రెండు రెట్ల దూరం దాటి లోపలికి పెద్దగా రాదు. కార్బన్ డయాక్సైడ్ సెన్సర్‌తో ఫ్యాను వేగాన్ని అనుసంధానిస్తే, గదిలో పది మందే ఉన్నప్పుడు ముప్పై మందికి సరిపడా గాలిని చల్లబరిచే వృథా కూడా తప్పుతుంది.

ఉపాధ్యాయులు పాఠం చెప్పేటప్పుడు యంత్రాన్ని ఆపేస్తున్నారు. వారికి అవగాహన కల్పించాలా?

యంత్రాన్ని మార్చాలి. పోర్టబుల్ తరగతి గదులపై విస్తృతంగా అధ్యయనం చేసిన కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థలు 2004లో శాసనసభకు ఇచ్చిన నివేదికలో కూడా ఇదే సమస్య కనిపించింది: యంత్రాల రొద భరించలేక ఉపాధ్యాయులు వాటిని ఆపేయడంతో గదుల్లో గాలి మార్పిడి కూడా ఆగిపోతోంది. గోడకు బిగించే ఒకే పెట్టెలో కంప్రెసర్, ఫ్యాను, గాలి మార్పిడి అన్నీ ఉండటం దీనికి మూలం. అమెరికాలో తరగతి గదులకు పాటించే ప్రమాణం ప్రకారం ఖాళీ గదిలో నేపథ్య శబ్దం 35 డెసిబెల్స్ మించకూడదు; గోడ పెట్టెల్లో చాలావరకు దీన్ని ఎంతో మించుతాయి. గాలి మార్పిడిని చల్లదనం నుంచి వేరు చేయడం, కంప్రెసర్‌ను గోడకు దూరంగా నేల మీద విడి దిమ్మెపై పెట్టడం, వెడల్పు గొట్టాల్లో గాలిని నెమ్మదిగా పంపడం అనే మూడు పనులతో రొద గణనీయంగా తగ్గుతుంది. పాఠం వినబడాలా, గాలి ఆడాలా అన్న ఎంపికను ఉపాధ్యాయుల మీదికి నెట్టే డిజైన్‌ను మంచి డిజైన్ అనలేము.

ఏసీ లేకుండా ఫ్యాన్లు, కూలర్లతో సరిపెట్టవచ్చా?

వాతావరణాన్ని బట్టి ఉంటుంది. సీలింగ్ ఫ్యాను గాలిని చల్లబరచదు గాని, ఒంటికి గాలి తగలడం వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గినట్టు అనిపిస్తుంది. పాత రకం ఫ్యాను 70 నుంచి 80 వాట్లు తీసుకుంటే బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని మోటారు) ఫ్యాను 30 వాట్ల ప్రాంతంలో తీసుకుంటుంది. ఏసీ ఉన్నచోట కూడా ఫ్యాన్లు ఉంటే థర్మోస్టాట్‌ను ఆ మేరకు పైకి పెట్టుకోవచ్చు. పొడి వేడి ప్రాంతాల్లో కూలర్ బాగా పనిచేస్తుంది. గాలిలో ఇప్పటికే తేమ ఉంటే అది ఉక్కను పెంచుతుంది. గాలిని మొదట తేమ తగలకుండా పరోక్షంగా, తర్వాత నేరుగా చల్లబరిచే రెండంచెల కూలర్లు కూడా ఉన్నాయి. లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల పరిశోధకులు పోర్టబుల్ తరగతి గదుల్లో ఈ రకాన్ని పరీక్షించారు. ఇవి పూర్తిగా బయటి గాలితోనే నడుస్తాయి కాబట్టి చల్లదనం, గాలి మార్పిడి ఒకేసారి సమకూరుతాయి.

ఏసీ అవసరానికి మించి ఒక టన్ను ఎక్కువ ఉంటే మంచిదే కదా?

మంచిది కాదు. మరీ పెద్ద యంత్రం గదిని నిమిషాల్లో చల్లబరిచి ఆగిపోతుంది. గాలిలోని తేమ తొలగాలంటే అది కొంతసేపు నిలకడగా నడవాలి. ఫలితంగా గది చల్లగా, చెమ్మగా ఉంటుంది. ఒక టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్ల చల్లదనం; మనుషులు, ఎండ, బయటి గాలి, దీపాల లెక్క వేయించి అంతకే ఇన్వర్టర్ రకం (అవసరాన్ని బట్టి వేగం మార్చుకునేది) తీసుకోండి. చలి ప్రాంతాల్లో సాధారణ హీటర్‌కు బదులు హీట్ పంప్ (బయటి గాలిలోని వేడిని లోపలికి చేరవేసే యంత్రం) వాడితే, ఒక యూనిట్ కరెంటుకు అనుకూల వాతావరణంలో మూడు యూనిట్ల వరకు వేడి లభిస్తుంది.

## వెలుతురు, శబ్దం, పదార్థాలు

పగటి వెలుతురు ఎక్కువ కావాలంటే పెద్ద కిటికీలు పెట్టాలా?

పెద్దవాటి కంటే ఎత్తులో ఉన్నవి మేలు. కిటికీ పై అంచు సీలింగ్‌కు దగ్గరగా ఉంటే వెలుతురు గది లోపలి దాకా చేరుతుంది. బల్లల మీద 300 నుంచి 500 లక్సుల వెలుతురు సరిపోతుంది. 70 చదరపు మీటర్ల గదిలో 300 లక్సులకు ఎల్‌ఈడీ దీపాలు 300 నుంచి 350 వాట్లతోనే సరిపెడతాయి. కిటికీ పక్క వరుసకు విడి స్విచ్చు పెట్టడం చిన్న పనే, కానీ దాని ఉపయోగం ప్రతిరోజూ కనిపిస్తుంది. తరలించే గదికి పైకప్పు అద్దాలు పెట్టించవద్దు. ప్రయాణపు కుదుపులకు అతుకు వదిలి కారతాయి.

వాన పడితే పాఠం వినబడదు, మామూలప్పుడు గొంతు మారుమోగుతుంది. ఏం చేయాలి?

ఇవి రెండు వేర్వేరు సమస్యలు. వాన చప్పుడు రేకు కంపించడం వల్ల వస్తుంది. రేకు అడుగున ఖాళీ లేకుండా ఇన్సులేషన్ తగిలి ఉండి, దాని కింద బరువైన బోర్డు సీలింగ్ ఉంటే బాగా తగ్గుతుంది. మారుమోత గట్టి తలాల వల్ల వస్తుంది. శబ్దాన్ని పీల్చే సీలింగ్ పలకలు, వెనక గోడపై మెత్తటి నోటీసు బోర్డు ఉంటే ప్రతిధ్వని సమయం (చప్పుడు ఆగాక మారుమోత సద్దుమణగడానికి పట్టేది) 0.6 సెకన్ల లోపుకు వస్తుంది. వినికిడి లోపం ఉన్న పిల్లలకు, కొత్త భాషలో చదువుతున్న పిల్లలకు ఈ తేడా చాలా పెద్దది.

కొత్త గదిలోకి వెళ్తే కళ్లు మండుతున్నాయి. ఆ వాసన ప్రమాదకరమా?

ప్లైవుడ్, పార్టికల్ బోర్డుల జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ దీనికి తరచుగా కారణం. ఇది క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో నిర్ధారించింది. వేడి, తేమ పెరిగేకొద్దీ ఇది ఎక్కువగా వెలువడుతుంది కాబట్టి, వేసవి సెలవుల్లో మూసి ఉంచిన గది తెరిచిన రోజున ఘాటు అధికంగా ఉంటుంది. తక్కువ ఉద్గారాల బోర్డులనే వాడాలని ఒప్పందంలో రాయించడం, పిల్లలు రాకముందు కొన్ని రోజులపాటు ఫ్యాన్లతో రాత్రింబవళ్లు గాలి ఆడించడం అవసరం. సుగంధపు స్ప్రేలు వాసనను కప్పుతాయే గాని వాయువును తొలగించవు.

## తరలింపు, బిగింపు, వాడకం

రెండు సగాలను కలిపిన చోట గాలి, నీరు వస్తున్నాయి. తయారీ లోపమా?

సాధారణంగా బిగింపు లోపం. రహదారి వెడల్పు పరిమితుల వల్ల గదిని రెండు మూడు ముక్కలుగా తెస్తారు; దిమ్మెలు సమమట్టంలో లేకపోతే ఆ ముక్కలు పూర్తిగా ఆనవు. ముందు మట్టం సరిచేసి, ఆ తర్వాతే రబ్బరు గ్యాస్కెట్, సీలెంట్, పైకప్పు మూత వేయాలి. మట్టం సరిచేయకుండా సీలెంట్ ఎంత పూసినా ఏడాది కూడా నిలవదు. తలుపు స్థానంలో ఫ్యాను బిగించి లీకులు కొలిచే పరీక్షను ఫ్యాక్టరీలో కాకుండా, స్థలంలో బిగించాక చేయించండి. గాలివానకు గది కదలకుండా నేలలోకి లంగర్లు కూడా ఈ దశలోనే దిగాలి.

అన్నీ సరిగ్గా చేయించినా బిల్లు తగ్గలేదు. ఎక్కడ పోతోంది?

ఖాళీ గంటల్లో పోతుండవచ్చు. ఏడాదికి 8760 గంటలు. 200 పనిదినాలు, రోజుకు 7 గంటల చొప్పున గది వాడేది 1400 గంటలే, అంటే దాదాపు 16 శాతం. మిగతా 84 శాతం సమయంలో ఏ యంత్రం నడిచినా అది వృథాయే. వారపు పట్టికతో నడిచే థర్మోస్టాట్, సెలవుల అమరిక, మనుషులు లేనప్పుడు ఆపే సెన్సర్ పెట్టించండి. ఉపాధ్యాయుడు నొక్కితే రెండు గంటలు నడిచి తనంతట ఆగే బటన్ కూడా ఉంచండి, లేకపోతే ఎవరో ఒకరు మొత్తం అమరికనే శాశ్వతంగా ఆన్‌లో పెట్టేస్తారు.

పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించవచ్చా?

పెట్టించవచ్చు, కానీ గది వాడకం తగ్గించిన తర్వాతే. ఒక కిలోవాటుకు సుమారు 5 చదరపు మీటర్లు పడుతుంది, కాబట్టి 80 చదరపు మీటర్ల పైకప్పులో సగం వాడినా 8 కిలోవాట్లు వస్తాయి. ప్యానెళ్లు, చట్రం కలిసి చదరపు మీటరుకు 10 నుంచి 15 కిలోల బరువుంటాయి. దీనికి తోడు గాలి వాటిని పైకి లాగుతుంది. అందుకని కొక్కేలు, వైర్ల గొట్టాలు ఫ్యాక్టరీలోనే అమర్చి ఉంచమని అడగండి, ప్యానెళ్లు తర్వాతైనా వస్తాయి. రవాణాకు ముందు వాటిని విప్పి విడిగా పంపాలి.

ఫిల్టర్లు ఎన్నాళ్లకు మార్చాలి?

మూడు నెలలకోసారి చూసి, మూసుకుపోతే వెంటనే మార్చాలి. దుమ్ము ఎక్కువగా ఉండే చోట నెలకోసారి చూడాలి. ఫిల్టర్ నిచ్చెన లేకుండా, పనిముట్లు లేకుండా బయటికి వచ్చేలా ఉన్న యంత్రాన్నే కొనండి. అందని ఎత్తులో ఉన్న ఫిల్టర్‌ను ఎవరూ మార్చరు.